కృష్ణ ఒడ్డున కోరా డేరా

మా ఇంట్లో కృష్ణా నదిని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా నది ఒడ్డున రెండు రోజులు దర్జాగా ఎలా మకాం చేయాలో మా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఆ జ్ఞానం మా బావ పెట్టిన భిక్ష.

బావ అంటే మా అక్క భర్త. నల్లగొండలో కచేరీ గుమాస్తా. పెద్ద అధికారులు ఊళ్లు తిరగడానికి వచ్చి మామిడితోటల్లో డేరాలు వేయించుకుంటారు కదా, అలాంటి మకాం ఒకటి ఆయన చూశాడు. చూశాడంటే, కాగితాల కట్ట పట్టుకుని పొద్దంతా బయట నిలబడ్డాడు. తెర తొలగినప్పుడల్లా లోపల ఒక కుర్చీ కాలో, ఒక కూజా మూతో కనిపించి ఉంటుంది. ఆ ముక్కలన్నీ అతికించుకుని డేరాల విషయంలో ఆయన మహా పండితుడయ్యాడు.

ఇది యాభైల చివర సంగతి. నేను పట్నంలో బి.ఏ. ముగించి రామన్నపేటకు తిరిగొచ్చి, బడిలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. ఊరికే కూర్చోలేదు, దొరికిన ప్రతివాళ్లతో వాదిస్తూ కూర్చున్నాను. మాది నేతవాళ్ల వాడ. మిల్లు చీరలు వచ్చి పడ్డాక వాడలో మగ్గాల చప్పుడు పలచబడింది. అప్పటికే మూడిళ్లకు తాళాలు పడ్డాయి. ఆ ఇళ్ల మగవాళ్లు సోలాపురం మిల్లుల్లో చేరారు. మా బాపుకు కూడా అక్కడ ఒక చుట్టం జాగా చూసి పెట్టాడు. ఎండాకాలం దాటేలోగా ఇక్కడ పని దొరకకపోతే, బాపు మగ్గం విప్పేసి సోలాపురం పోవాల్సిందే.

“ఆ మిల్లుల మనిషి బట్ట నేయడు బిడ్డా. మిషను నేస్తది, మనిషి దానికి జీతముంటడు” అనేవాడు బాపు. ఆ మాట అన్న పూట అన్నం సగంలోనే చేయి కడిగేవాడు.

ఆయనకు మిగిలిన ఆశ ఒకటే. కృష్ణ మీద ఆనకట్ట కడుతున్నారు. అక్కడ పనివాళ్లకూ, పని చూసేవాళ్లకూ డేరాలు కావాలి. డేరాబట్ట కొనే ఆఫీసరు పట్నంలో ఉంటాడని తెలిసి, బాపు జంటపోగుతో నేసిన మందపు గుడ్డ ముక్క ఒకటి తీసుకుపోయి చూపించాడు. ఆఫీసరు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, “బట్ట మంచిగున్నది. ఒక డేరా కుట్టి నది ఒడ్డుకు కట్టి చూపియ్యి. వచ్చే నెల ఆనకట్ట కాడికి పోతున్న, తొవ్వల చూస్త” అన్నాడట. అంతే. ఆయన అన్నది అంతే. బాపు చేత మూడుసార్లు చెప్పించుకున్నాను కనుక నాకు ఖాయంగా తెలుసు.

ఈ మాట బావ చెవిన పడింది. ఇక మా ఇంటికి శని పట్టింది.

ప్రతి ఆదివారం నల్లగొండ బస్సు దిగేవాడు, జేబులో కొత్త పట్టీతో. మొదటి ఆదివారం పట్టీలో ఒక డేరా, రెండు కుర్చీలు. రెండో వారానికి నవారు మంచం, జంపఖానా, నిలువుటద్దం, బల్ల మీద పరచడానికి తెల్లగుడ్డ. మూడో వారం స్నానానికి వేరే చిన్న డేరా, గోలీ సోడాలు, కోడి, పులావు. నాలుగో వారం పూలకుండీలు. ఇసుకలో, దారికి అటూ ఇటూ, క్రోటన్ మొక్కల కుండీలు!

“సాబ్ ఒక్కడే వస్తడా మామా? బీబీ, పిల్లలు, చప్రాసీ, అందరొస్తరు. రెండు రోజులన్న ఉంటరు” అన్నాడు బావ.

“చూస్త అన్నడు గని ఉంట అనలే గద అల్లుడా” అన్నాడు బాపు.

“పెద్దోళ్లు ఉంట అని నోరిడిచి చెప్తరా? మనమే ఉంచుకోవాలె.”

నేను ఊరుకోలేదు. “ఉంచుకుంటే ఉండెతందుకు గాయినేమన్న ఇల్లరికం అల్లుడా బావా?”

“నీకేం తెలుసు మరదలా! కాలేజీల డేరాల ముచ్చట చెప్పిన్రా ఏంది?”

“చెప్పలే. దూరం కెల్లి కుర్చీ కాళ్లు చూసుడు గూడ నేర్పలే.”

బావ నవ్వాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. తిట్టినా నవ్వుతాడు. తన పట్టీలో మాత్రం ఒక్క అక్షరం కొట్టేయడు.

“నది ఒడ్డున తానానికి డేరా ఎందుకు? ఎదురుంగ ఏరుండంగ?” అని అడిగాను ఇంకో వారం.

“సాబ్ బర్రె లెక్క ఏట్ల దునుకుతడా? నీళ్లు తోడి, కాగబెట్టి, డేరాల పెట్టాలె. ఇంతెజాం అంటే, ఏర్పాట్లంటే గది.”

“వైశాఖ మాసంల కాగబెట్టిన నీళ్లా?”

“నువ్వు జర సప్పుడు చేయకు.”

కుర్చీలు బడి పెద్దసారు ఇంటివి. నవారు మంచం దవాఖాన కాంపౌండరుది. జంపఖానా ఊళ్లో పెళ్లిళ్లకు అరువు తిరిగేది. వీటన్నిటికీ మర్యాదగా చీటీలు రాయడం నా పని. ‘తమరు దయతో తమ నిలువుటద్దమును నది ఒడ్డునకు రెండు దినములు...’ అని రాస్తూ పళ్లు కొరికాను. నా బి.ఏ.కు దొరికిన మొదటి ఉద్యోగం అది.

బావకు తోడు మా అవ్వ ఒకతె. అవ్వకు పట్టీలు రావు గానీ, భయాలు వచ్చు. “ఆయినె పట్నపోడు. కొత్తనీళ్లు తాగి కడుపు చెడితె మన డేరా ఎవ్వడు కొంటడురా? మన బాయి నీళ్లు కొంచవోండ్రి” అంది. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఇంత ముందుచూపు తనకెందుకు రాలేదా అన్నట్టు బావ తల పంకించి, పట్టీలో చేర్చాడు: తాగునీళ్లు, రెండు పెద్ద బిందెలు, మూతులకు గుడ్డ కట్టి. కృష్ణా నదికి. రామన్నపేట బావి నుంచి.

ఈ గోలంతా అరుగు మీద జరుగుతుండగా లోపల మగ్గం గుంటలో బాపు డేరాబట్ట నేశాడు. ఆ పనిని నేను ఎన్నడూ ఎగతాళి చేయను. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు చాపేవారు. అమ్మ వండిన గంజిని కుంచెతో పోగు పోగుకూ పట్టించేవారు. ఎండ ముదిరేలోగా ఆ పని అయిపోవాలి. డేరా గోడలా నిలబడాలి కదా అని ఈసారి బాపు గంజి రెట్టింపు పెట్టించాడు. అమ్మ పెద్ద కాగుతో వీధిలోకి వచ్చి, “గింత గంజి ఎందుకయ్యా? నీళ్లు తాకితే ఏం గతి?” అంది.

“అత్తా, నువ్వు సకినాల సంగతి చూసుకో” అన్నాడు బావ అరుగు మీంచే.

అమ్మ కాగు దించి లోపలికి పోయింది. ఆ మాటను పట్టుకుని నేను నిలదీయాల్సింది. నేను ఆ పూట పూలకుండీల మీద వాదిస్తున్నాను.

ఇక్కడ మా వాడలో పాటించే కట్టు ఒకటి చెప్పాలి. మగ్గం దిగిన బట్టకు నేసినవాడు నీళ్లు చూపించడు. తడిసిన కొత్తబట్ట వాడిన బట్ట కింద లెక్క. దాన్ని కొత్తదని అమ్మడం దొంగతనం. మొదటి తడి కొన్నవాడి చేతిదే. కోరాబట్టను, అంటే నీళ్లు తగలని కొత్తబట్టను, కోరాగానే ఇవ్వాలి. తాతల నాటి నుంచి మా మగవాళ్లు బట్ట నేసి, మడత పెట్టి, అమ్మేసి చేతులు దులుపుకున్నవాళ్లే. ఆ బట్ట తర్వాత నీళ్లలో పడి ఏమవుతుందో వాళ్లకు పట్టలేదు. ఒంటి మీది బట్టలు ఉతికేది ఆడవాళ్లు గనుక ఆ సంగతి ఆడవాళ్లకు తెలుసు. అడిగినవాడెవడు?

ఆఫీసరు వచ్చే తారీఖు తెలిశాక, ముందురోజే ఆనకట్టకు సిమెంటు మోసే లారీ ఒకటి మా దారిన పోతుంటే దాంట్లో ఎక్కాం. బాపు, బావ, అమ్మ, నేను, డేరా కట్టడానికి మా వాడ నేతగాళ్లు ఇద్దరు. మాతో పాటు కుర్చీలు, మంచం, అద్దం, కుండీలు, కోళ్లు, బిందెలు. దేవరకొండ దాటేసరికి అద్దం ఒక మూల పగిలింది. బిందెల్లో నీళ్లు సగం తొణికి అమ్మ చీర తడిసింది. “సల్లగున్నదిలే” అంది అమ్మ. ఆనకట్టకు దిగువన ఒక చిన్న ఊరి రేవులో మధ్యాహ్నానికి దిగాం.

ఎండాకాలం కృష్ణ. ఇటు ఇసుక, అటు బండలు, నడుమ పారుతున్న నీళ్లు. బావ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, “గింతేనా?” అన్నాడు. ఏటికి కూడా ఆయన పట్టీ ప్రకారం రావాల్సిన బాధ్యత ఉన్నట్టు.

అమ్మది మర్రిగూడ దిక్కు. అక్కడి ఫ్లోరైడు బావినీళ్లు తాగి మోకాళ్లు బిగుసుకుపోయిన తోబుట్టువులున్న మనిషి. ఆమె నేరుగా నీళ్లలోకి నడిచి, వంగి, దోసిట్లో పట్టి తాగింది. నదిని మొదటిసారి చూసిన మనిషి ఏమంటుందో అని నేను చెవులు రిక్కించాను.

“సప్పగున్నయి” అంది.

మేకులు ఇసుకలో నిలవలేదు. మా ఊరి మొరం నేలలో సమ్మెటతో కొట్టినట్టు కొడితే సగం లోపలికి దిగి, తాడు లాగగానే పైకి వచ్చేవి. వలలు ఆరేస్తున్న బెస్తామె ఒకతె కాసేపు తమాషా చూసి, “ఏ ఊరయ్యా మీది? ఇసుకల మేకు కొడ్తున్రు! బండకు తాడు కట్టి, బండను బొందవెట్టుండ్రి” అంది. బొందపెట్టాక డేరా నిలబడింది. నిజం చెప్పాలి, గొప్పగా నిలబడింది. రెట్టింపు గంజి బిగువుతో, మడత లేకుండా, సున్నం వేసిన గోడలా. బాపు చుట్టూ తిరిగి అరచేత్తో తట్టి చూశాడు. డప్పులా మోగింది. నెల రోజుల్లో ఆయన ముఖం తెరిపిన పడడం అప్పుడే చూశాను.

మరునాడు పొద్దున్నే బాపు, ఆఫీసరును పిలుచుకు రావడానికి రోడ్డు దాకా నడిచి వెళ్లాడు. తొమ్మిదింటికే ఇసుక కాలుతోంది. అమ్మ పొయ్యి దగ్గర పులావులో మునిగి ఉంది. బావ డేరాలోకి వెళ్లి, చెమటతో బయటికి వచ్చాడు.

“కచేరీల వట్టివేళ్ల తడకల మీద నీళ్లు కొడ్తరు. లోపల మంచు లెక్కుంటది. సాబ్ వచ్చే యాళ్లకు సల్లగుండాలె. డేరా మీద నీళ్లు కొట్టుండ్రి!”

నేతగాళ్లు ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. “బట్టకు నీళ్లా?” అన్నాడు ఒకడు.

“గిది బట్ట గాదు, డేరా” అన్నాడు బావ.

ఇంత తెలివితక్కువ మాటను నేను తిప్పికొట్టలేదు. ఎండకు తట్టుకోలేక సరేననుకున్నాను. ఆ కడవల్లో సగం మోసినదాన్ని నేనే. నెల రోజులు ప్రతిదానికీ అడ్డం పడినదాన్ని, అడ్డం పడాల్సిన ఒక్కదానికి నీళ్లు మోశాను.

మొదట బాగానే ఉంది. బట్ట రంగు ముదిరింది. లోపల చల్లబడింది. బావ కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకుని, “సూసినవా మరదలా” అన్నాడు. అప్పుడు తాళ్లు కీచుమన్నాయి. తడిసిన కొత్తబట్ట ముడుచుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో వైపూ గుంజుకుని, పాతిన బండలను ఇసుకలోంచి పైకి లాగింది. నడుమ పాతిన నిట్టాడు పక్కకు ఒరిగింది. పైకుట్టు మూరెడు పొడవున పటపటా విడిపోయింది. ఆ పైన గంజి కరగడం మొదలైంది. తెల్లగా, చిక్కగా, జిగటగా, బొట్టు బొట్టుగా. మంచం మీద, జంపఖానా మీద, బల్ల మీది తెల్లగుడ్డ మీద, బావ నెత్తి మీద.

ఊరి బర్రెలు రేవుకు దిగే వేళ అది. ముందు నడుస్తున్న బర్రె ముట్టె ఎత్తి వాసన చూసింది. బియ్యపు గంజి, తడిసినది. దాని లెక్కలో అది కుడితే కదా. నేరుగా వచ్చి డేరా గోడను గరుకు నాలుకతో కింది నుంచి పైదాకా ఒక్క నాకు నాకింది. మిగతావీ వచ్చి చేరాయి. ఒకటి క్రోటన్ కుండీని తొక్కి నిలబడింది. నేను కట్టె తీసుకుని అదిలిస్తుంటే బెస్తామె నవ్వలేక కూలబడింది.

సరిగ్గా అప్పుడే బాపు ఆఫీసరును వెంటబెట్టుకుని వచ్చాడు. బీబీ లేదు, పిల్లలు లేరు. ఒక్క డ్రైవరు. ఆఫీసరు సన్నగా, మామూలు చొక్కాలో ఉన్న మనిషి. ఒరిగిన డేరానూ, బర్రెలనూ చూసి, “ఏందిది? డేరానా, దొడ్డినా?” అన్నాడు.

బావ గంజి కారుతున్న తలతో బయటికి వచ్చి సలాం కొట్టి, చేతికి అందిన మర్యాద ఏదో చేయాలని బిందెలోంచి గ్లాసు నింపి ఇచ్చాడు. “తాగుండ్రి సాబ్. రామన్నపేట బాయి నీళ్లు. మీ కోసమే తెచ్చినం.”

ఆఫీసరు గ్లాసును చూశాడు. మా వెనక పారుతున్న కృష్ణను చూశాడు. మళ్లీ గ్లాసును చూశాడు. గ్లాసు బావ చేతికే ఇచ్చి, ఏటి దగ్గరికి పోయి వంగి తాగి వచ్చాడు. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

ఆయన మాత్రం ఎక్కువ నవ్వలేదు. బట్టను పట్టి చూశాడు, పోగు లాగి చూశాడు. “నేత పక్కాగున్నది. గంజే ఖరాబు చేసింది. పొద్దుమీకి నాలుగింటికి గిదే తొవ్వల తిరిగొస్త. మంచిగ ఉతికి, ఆరబెట్టి, మళ్ల కట్టుండ్రి” అన్నాడు.

ఇంతకంటే ఏ అధికారి ఏం చెబుతాడు? మా అదృష్టం పండిందనుకున్నాను. బాపు చేతులు కట్టుకుని, తల వంచుకుని, “మగ్గం దిగిన బట్టకు మేం నీళ్లు సూపియ్యం సాబ్” అన్నాడు.

“డేరా మీద వాన పడదా?”

“పడ్తది సాబ్. కొన్నోళ్ల కాడ పడ్తది.”

ఆఫీసరు “నీ ఇష్టం” అని వెళ్లిపోయాడు.

బాపు బండ నీడన కూలబడ్డాడు. బావ కాళ్లావేళ్లా పడ్డాడు. నేను మొదలుపెట్టాను. “సోలాపురం పోతవా గని బట్ట తడపవా? ఇగ తడిసేదేమున్నది బాపూ? మేమే నీళ్లు కొట్టినం, బర్రె నాకింది!”

“గందుకే బిడ్డా” అన్నాడు బాపు. “తడిసిన బట్ట అమ్మినోడని అనిపిచ్చుకోను. సోలాపురమే రాసిపెట్టున్నది, పోత.”

తర్కానికి లొంగే మనిషితో వాదించవచ్చు. పరువు కోసం మునిగిపోతానని పట్టుబట్టిన మగవాడితో ఏం వాదిస్తాం? వాడి పరువు ముందు పెళ్లాం, బిడ్డ, రేపటి గింజలు అన్నీ చిన్నవే.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు.

“నేసినోడు తడపొద్దు. గదే గద కట్టు?”

“గదే” అన్నాడు బాపు.

“నేను నేసిన్నా?”

అమ్మే కొనసాగించింది.

“ముప్పై ఏండ్ల సంది కండెలు సుట్టిన, గంజి కాసిన, పడుగు సాపిన. నేసినవ్ అని ఒక్కనాడన్న అన్నరా ఎవ్వరన్న? నేసెటోళ్లు మీరు. మరి నాకు కట్టేడిది? నీ బట్ట నువ్వు తడపకు. నేను తడుపుత.” నా వైపు తిరిగి, “సూసుకుంట నిలవడకు, తాడిప్పు” అంది.

నేను చదివిన తర్కశాస్త్రం పాఠాలు ఆ మాటల ముందు దండగ. తాతల కట్టులో ఆ కన్నం ఉందని ఆ క్షణం దాకా ఎవరూ చూడలేదు.

డేరాను విప్పి నీళ్లలోకి ఈడ్చాం. తడిసిన ఆ బట్ట బరువు చచ్చిన ఎద్దు బరువు. బెస్తామె వల పక్కన పెట్టి వచ్చి, నున్నటి బండ చూపించి, తానూ ఒక కొస పట్టింది. అమ్మ మోకాళ్ల లోతులో నిలబడి ఉతికింది. గంజి విడిచి ఏరు పాలలా తెల్లబడింది. ఎక్కడి నుంచి వచ్చాయో చిన్న చిన్న చేపలు గుంపులు గుంపులుగా వచ్చి మా కాళ్ల చుట్టూ ఆ తెలుపును తాగాయి. బావ ఒడ్డున నిలబడి, “జర మెల్లగ అత్తా, చినుగుతది” అని సలహాలు ఇచ్చాడు. “దిగి పట్టరాదూ?” అన్నాను. ప్యాంటు తడుస్తుందన్నాడు. గంజిలో నానిన ప్యాంటు!

కాలిన బండల మీద పరిస్తే గంటన్నరలో ఆరింది. విడిన కుట్టును అమ్మ దబ్బనంతో బిగించింది. డేరా అన్ని వైపులా జానెడు కురచైంది. నేతగాళ్లు గుంజలను ఆ మేరకు లోతుగా పాతి మళ్లీ కట్టారు. ఇప్పుడది గోడలా లేదు. మెత్తగా, వదులుగా, గాలికి ఊపిరి తీసుకున్నట్టు కదిలింది.

నాలుగు దాటాక ఆఫీసరు వచ్చాడు. ఏమీ అడగకుండా కడవ తెప్పించి, తానే పైకప్పు మీద నీళ్లు కొట్టాడు. లోపలికి వెళ్లి పైకి చూస్తూ నిలబడ్డాడు. మేమంతా తెర దగ్గర గుమిగూడాం. ఉతికిన నూలు నీళ్లు తాగి ఉబ్బి, సందులు మూసుకుపోయింది. లోపల చుక్క పడలేదు. తాడు బిగుసుకోలేదు.

“ఎవరు ఉతికిన్రు?”

“మా ఇంతెజామే సాబ్” అన్నాడు బావ, ఒక అడుగు ముందుకు వేసి. ఆ ఒక్క మాటకు ఆయన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

“మా ఇంటామె ఉతికింది సాబ్. నేను తడపలే” అన్నాడు బాపు. అమ్మకు పేరు ఇస్తున్నాడో, తన పరువు దక్కించుకుంటున్నాడో నాకు తేలలేదు. రెండూ కావచ్చు.

ఆఫీసరు చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. రెండు సకినాలు నిలబడే తిని వెళ్లిపోయాడు. బావ కోరిన రెండు రోజుల నదీతీర మకాం మాత్రం జరిగింది, బావకు. మరునాడు లారీ వచ్చేదాకా ఆయన నవారు మంచం దిగలేదు. ఈనాటికీ చుట్టాల పెళ్లిళ్లలో, “మామకు డేరాల పని పట్టిచ్చింది నేనే” అని చెబుతాడు. వినేవాళ్లు తల ఊపుతారు. బర్రెల సంగతి నేను అందిస్తాను.

నెల తిరక్కముందే కాగితం వచ్చింది. అరుగు మీద వాడంతా కూడింది. నేనే చదివాను. ఎన్ని డేరాలకు బట్ట కావాలో, ఎంత వెడల్పో అన్నీ ఉన్నాయి. ‘పంపుటకు ముందు బట్టను ఉతికి, పూర్తిగా కుదించి పంపవలెను’ అని కూడా ఉంది. బాపుకు సోలాపురం తప్పింది. తాళాలు పడిన ఇళ్లలో రెండింటి మగవాళ్లు తిరిగి వచ్చారు. వాడలో మగ్గాల మోత మళ్లీ చిక్కబడింది. ఇవన్నీ నేను కాదనను.

కానీ ఆ వాక్యం చదివినప్పుడు నేను కాస్త ఆగాను. “ఉతుకుడు ఎవలు?” అని అడిగాను.

మగవాళ్లెవరికీ ఆ ప్రశ్న కష్టం అనిపించలేదు. “నేసినోళ్లం మేం తడపొద్దు గద” అన్నాడు ఒకాయన. “ఆడోళ్లు నేసినోళ్లు గాదు. వాళ్లకు కట్టు లేదు. నీ తల్లే చెప్పింది గద బిడ్డా, నది కాడ.” అందరూ అమ్మ తెలివిని మెచ్చుకున్నారు. అమ్మ పేరు అరుగు మీద అంత గౌరవంగా వినపడడం అదే మొదలు. బాపు కూడా తల ఊపాడు.

నది ఎక్కడో దేవరకొండ అవతల ఉండిపోయింది. మా ఆడవాళ్లకు మిగిలింది వాడ చివర బావి. వేసవిలో చేదకు సగం బురద వచ్చే బావి. బట్ట తాను తర్వాత తాను. గంజి విడిచేదాకా ముంచి, ఉతికి, పిండి, మళ్లీ తోడి. నేసినవాళ్ల చేతికి ఒక్క చుక్క తడి తగలకుండా.

మొదటి రోజే నేను బావి దగ్గర అమ్మతో తగువు పెట్టుకున్నాను. “నువ్వు గెలిచిన మాటతోనే నిన్ను కట్టేసిన్రు. తెలుస్తున్నదా? నేను గూడ నేసిన్నే, నాకు గూడ కట్టున్నది అని అను. ఒక్కసారి అను. అప్పుడు వాళ్లు గూడ దిగుతరు, లేకుంటే కట్టన్న ఇడుస్తరు.”

“గట్లంటే మీ బాపు మల్ల మగ్గం ఇప్పుతడు.”

“ఇప్పనియ్యి!”

“సోలాపురం కంటె బాయి దగ్గర గదనే” అంది అమ్మ.

“దగ్గరైతే? బాపుకు దగ్గర, నీకు...” అని నేను ఇంకా ఏదో అనబోయాను.

అమ్మ చేదతాడు నా చేతిలో పెట్టింది. “మాట్లాడుకుంటనే తోడు.”